ఇత్తడి తుడిచిన సరోజిని

సరోజిని రోజూ పనికి బయల్దేరే ముందు మోచేతుల దాకా చేతులు కడుక్కుంటుంది. బట్టల సబ్బుతో రుద్ది, నీళ్ళు పోసుకుని, మళ్ళీ రుద్దుతుంది. ఆ తర్వాత వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంటుంది. జుట్టుకు నూనె ఆదివారం నాడే. మిగతా రోజుల్లో పొడిజుట్టునే గట్టిగా ముడేసి పైన రుమాలు కట్టుకుంటుంది.

"ఏటే గుంటా, సేతులు కడుగుతున్నావా, తోలు ఒలుస్తున్నావా?" అంటుంది తల్లి దేముడమ్మ గుమ్మంలో కూర్చుని. సరోజిని ఆస్టినాబాద్ వైపు వెళ్ళే బస్సు పట్టుకోవాలన్నట్టు గబగబా చెప్పులు వేసుకుంటుంది.

వాళ్ళది హాడోలో చిన్న ఇల్లు. సరోజిని తాత సోంపేట సముద్రం ఒడ్డు నుంచి ఈ దీవులకు వచ్చి చేపల వేటలో స్థిరపడ్డాడు. తండ్రి గోవిందు ఇక్కడే పుట్టాడు. దేముడమ్మ మాత్రం పెళ్ళి చేసుకుని ఆ ఒడ్డు నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి. ఆమె మాట ఇన్నేళ్ళయినా ఆ ఊరి మాటగానే ఉండిపోయింది. సరోజినికి ఆ మాట వచ్చు గాని ఇంటి గడప దాటనివ్వదు. బళ్ళో హిందీ, బజార్లో హిందీ, గోల్ ఘర్ బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టిన రోజుల్లోనూ హిందీయే. తెలుగు చదవడం ఆమెకు రాదు.

గోవిందుకు ఇంజను డింగీ ఉండేది. శనివారం సాయంత్రం వేట ముగించుకుని పడవను ఒడ్డుకు లాగాక, ఇంజను మీద గోనె కప్పే ముందు, కూతురి చేతికి కొబ్బరినూనెలో ముంచిన గుడ్డ ఇచ్చేవాడు. రాగి గొట్టం, ఇత్తడి మరలు, పంకా రెక్కలు అన్నీ ఆ గుడ్డతో తుడవాలి. ఉప్పుగాలి వీచే ఊళ్ళో ఇత్తడిని ఒక్క వారం వదిలేస్తే పచ్చగా చిలుము పడుతుంది. మెషిన్ ఆయిల్ కొనుక్కోవాలి, కొబ్బరినూనె ఇంట్లో ఉంటుంది. అందుకని అక్కడి డింగీల వాళ్ళందరిదీ అదే పద్ధతి. ఇత్తడి మెరవని పడవను చూస్తే, ఆ ఇంట్లో ఆడపిల్ల లేదా అని వెక్కిరించేవారు. గోవిందు పడవ మాత్రం ఎండలో కళ్ళు చెదిరేలా ఉండేది.

గోవిందు పోయాక డింగీ అమ్మేశారు. సరోజిని దుకాణంలో చేరింది. అక్కడ ఆమె ఏళ్ళ తరబడి చీరలు విప్పుతూ, మడతపెడుతూ ఉండగా ఆస్టినాబాద్ దాటాక కొండవాలులో కొత్త ప్రభుత్వ ఆస్పత్రి కట్టడం మొదలైంది.

అంతవరకు దీవుల్లో ఏ పెద్ద కట్టడం లేచినా పనివాళ్ళు మెయిన్‌లాండ్ నుంచి ఓడల్లో దిగేవారు, పని అయ్యాక ఓడల్లోనే పోయేవారు. ఇక్కడి పిల్లలు ఆ పరంజాల కింద నుంచి నడుచుకుంటూ కాలేజీకి వెళ్ళి, ఆ తర్వాత దుకాణాల్లో నిలబడేవారు. ఈసారి ఒప్పందంలో ఒక షరతు పెట్టారు. పనివాళ్ళలో కొంతమంది దీవుల వాళ్ళే ఉండాలి, రాని పని నేర్పి మరీ పెట్టుకోవాలి. అలా తీసుకున్న మొదటి జట్టును సైటులో అందరూ లోకల్ బ్యాచ్ అనేవారు. అందులో ఆడవాళ్ళు ఇద్దరే. ఒకరు సరోజిని, మరొకరు సుష్మ అనే హుషారు పిల్ల.

వాళ్ళకు పని నేర్పిన ఇంజనీరు రాజేంద్రది గోల్ ఘర్. వాళ్ళది మూడు తరాలుగా ఇక్కడే కాంట్రాక్టులు చేస్తున్న తెలుగు కుటుంబం.

"లోకల్ వాళ్ళు పని చెయ్యరు, చేసినా రాదు అంటారు. చిన్నప్పట్నుంచీ వింటున్నాను," అన్నాడతను మొదటిరోజే. "ఆస్పత్రిలో మంచాల దగ్గరికి ఆక్సిజన్ తెచ్చే పైపులన్నీ మనవాళ్ళే వెయ్యాలి. టెస్టు పాసైతే రెండో బ్యాచ్‌కి మంజూరొస్తుంది. ఫెయిలైతే ఇంక మన మొహం ఎవడూ చూడడు."

ఆ మాట సరోజిని మనసులో నాటుకుంది. రాగి పైపుల అతుకు వెయ్యడం ఆమెకు త్వరగా పట్టుబడింది. మంట తగిలి రాగి ఎర్రబడ్డాక వెండి కడ్డీ కొన ఆనిస్తే, అది కరిగి అతుకు చుట్టూ ఉంగరంలా పాకుతుంది. ఆ క్షణం కోసం ఆమె ఊపిరి బిగబట్టి చూసేది. చీరలు మడతపెట్టిన చేతులు ఇవేనా అనుకునేది. సాయంత్రం బస్సులో చేతులకున్న మసి కడుక్కోకుండానే కూర్చునేది, ఎవరైనా అడుగుతారేమోనని.

పైపులు, వాల్వులు ఉండే స్టోరు చూసుకునేవాడు నూకయ్య. పాతికేళ్ళ కుర్రాడు, కంపెనీ వాళ్ళు మెయిన్‌లాండ్ నుంచి తెచ్చుకున్న మనిషి. ఊరు పలాస దగ్గర. పొద్దున్నే తలకు ఇంత నూనె పట్టించి, నున్నగా దువ్వుకుని వచ్చేవాడు. ఎండెక్కేసరికి ఆ నూనె కణతల మీదికి కారేది.

సరోజిని ఒకసారి ఫోనులో తల్లితో మాట్లాడుతుంటే విన్నాడు. మొహం వెలిగిపోయింది.

"ఓలప్పా! మీదీ మా దేశమేనా? మాట ఇంటుంటే మా అమ్మ మాటాడినట్టే ఉంది!"

చుట్టూ హిందీవాళ్ళు, బెంగాలీవాళ్ళు, సుష్మ. నూకయ్య నోరు తెరిస్తే అందరూ అతని యాసను అనుకరించి నవ్వుకునేవారు. సరోజినికి తననూ ఇతనితో కలిపేస్తారనిపించింది.

"హిందీలో బోలో భయ్యా," అంది పొడిగా. "ఇక్కడ అందరికీ అర్థమవ్వాలి."

అతను నొచ్చుకోలేదు. నొచ్చుకున్నా చూపించలేదు. అప్పటినుంచి అక్కను పిలిచినట్టు 'అప్పా' అనే పిలిచేవాడు. పిలిచినప్పుడల్లా ఆమెకు చిరాకు. ఒకనాడు మధ్యాహ్నం అందరూ గిన్నెలు తెరుచుకుని కూర్చున్నప్పుడు అతను వస్తుంటే, సరోజినే మొదలుపెట్టింది.

"వచ్చాడు చూడండి తేల్ భయ్యా. ఈ తల పిండితే సాయంత్రం చేపల పులుసుకి పోపు పెట్టేయొచ్చు."

అందరూ గొల్లుమన్నారు. నూకయ్య కూడా నవ్వాడు. "పిండుకోండప్పా, నా తలకాయే కదా," అన్నాడు. నూనె అన్న అనే ఆ హిందీ పేరు ఆ రోజుతో అతనికి అతుక్కుపోయింది. వారం తిరక్కుండా మేస్త్రీల దగ్గర్నుంచి లారీ డ్రైవర్ల దాకా అందరి నోటా అదే. సరోజినికి హాయిగా ఉంది. ఇప్పుడు తాను నవ్వేవాళ్ళ వైపు ఉంది.

వానాకాలం మొదలైంది. కిటికీలు ఇంకా బిగించని గదుల్లోకి సముద్రపు గాలి నేరుగా కొట్టేది. వార్డులో బిగించాల్సిన ఇత్తడి వాల్వులను నూకయ్య సంచులు విప్పి ట్రేల్లో పేర్చి ఇచ్చాడు. రెండు రోజుల్లో వాటి మెరుపు పోయింది. అంచుల్లో చిలుము మచ్చ కనిపించింది. సోమవారం పెద్దాఫీసరు చూడ్డానికి వస్తాడని కబురు.

ఆ శనివారం సరోజిని ఇంటినుంచి తల్లి వాడే కొబ్బరినూనె సీసా, పాత చీర ముక్క తెచ్చింది. అందరూ వెళ్ళాక ఒక్కతే కూర్చుని ట్రేల్లో ఉన్న వాల్వులన్నీ తుడిచింది. మరల గాడుల్లోకి గుడ్డ కొన దూర్చి మరీ తుడిచింది. పైపులకు గ్రీజు తగలకూడదని, మెషిన్ ఆయిల్ అంటిన చేతులతో ముట్టుకోకూడదని రాజేంద్ర చెప్పే ఉన్నాడు. కొబ్బరినూనె ఆ లెక్కలోకి వస్తుందని ఆమెకు తట్టనేలేదు. చంటిపిల్లల తలకు రాసేది, కూరలో వేసేది, దానివల్ల హాని ఏముంటుంది? వాల్వులు మళ్ళీ మెరుస్తుంటే, తండ్రి వెనక నిలబడి చూస్తున్నట్టు అనిపించింది. సోమవారం ఆఫీసరు ట్రే ముందు ఆగి, "బాగా ఉంచారే," అన్నాడు. అది నూకయ్యకు మెప్పు అనుకున్నారంతా. సరోజిని లోలోపల మురిసిపోయింది. అడిగినప్పుడు చెబుదాంలే అనుకుంది. ఎవరూ అడగలేదు.

వాల్వులు బిగించారు, అతుకులు వేశారు. టెస్టు రోజు రానే వచ్చింది. పైపుల్లోకి గాలి వదిలి, మంచం దగ్గర బయటికొచ్చే చోట తెల్లగుడ్డ పట్టి చూస్తారు. గుడ్డ తెల్లగానే ఉండాలి. రాజేంద్ర గుడ్డ తీసి చూశాడు. మధ్యలో పసుపు మరక. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"కొబ్బరినూనె," అన్నాడు. "ఇందులో ఆక్సిజన్ వదిలి ఉంటే ఏమయ్యేదో తెలుసా మీకు? అంత ఒత్తిడిలో నూనె తగిలితే నిప్పు లేస్తుంది. రోగి మొహం పక్కన! ఎవరిదీ పని?"

సరోజిని నోరు తెరిచింది. ఈలోగా వెనకనుంచి సుష్మ, వేళాకోళానికే, "ఇంకెవరు సార్, తేల్ భయ్యా!" అంది.

కొందరు నవ్వారు. రాజేంద్ర నవ్వలేదు. నూకయ్యను పిలిపించాడు.

"సంచులు విప్పింది నువ్వేనా?"

"నానే బాబూ. ఇప్పి ట్రేలో పెట్టినాను, అంతే."

"ఆ చేతుల్తోనే?"

"సేతులు కడుక్కున్నానండి."

"తల కడుక్కున్నావా?"

మళ్ళీ నవ్వులు. నూకయ్య చెయ్యి తనకు తెలియకుండానే కణత మీదికి వెళ్ళింది. వేళ్ళు వాసన చూసుకున్నాడు. అతని మొహంలో ధైర్యం అక్కడికక్కడే ఇంకిపోవడం సరోజిని చూసింది. తెరిచిన నోరు ఆమె ఎప్పుడో మూసేసింది. లోకల్ బ్యాచ్ పరువు, రెండో బ్యాచ్ మంజూరు, దుకాణంలో చీరల మడతలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. అప్పుడు ఆమె చేసిందల్లా తలొంచుకుని నిలబడటమే.

ఆ వార్డు పైపులు సగం కోసి పారేశారు, కొత్తవి వేశాక టెస్టు పాసైంది. నూకయ్యను పనిలోంచి తీసేశారు, వైజాగ్ ఓడ వచ్చేదాకా ఆగి వెళ్ళిపొమ్మన్నారు. వెళ్ళే ముందు అతను సరోజిని దగ్గరికొచ్చాడు.

"అప్పా, నానే సేసినానేమో. తల ముట్టుకున్న సెయ్యి ఎక్కడెట్టినానో గేపకం లేదు. ఆస్పత్రి కదా, ఎవులికైనా పేనం మీదికొచ్చుంటే..." మొహం తుడుచుకుని, "క్వార్టర్సు కాలీ సెయ్యమన్నారు. షిప్పు దాకా నా పెట్టె మీ ఇంట్లో ఎట్టుకోవచ్చా?" అన్నాడు.

ఆదివారం తెచ్చుకోమంది ఆమె.

ఆదివారం సాయంత్రం పెట్టె తీసుకుని వచ్చాడు. రెండు మాటలు వినగానే దేముడమ్మ పీట వేసి కూర్చోబెట్టింది. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఆ దారిలో రావిచెట్టు మలుపు దగ్గర బస్సు ఇంకా ఆగుతోందా అని అడుగుతూనే వంజరం పులుసు వడ్డించింది. సరోజిని గోడకానుకుని నిలబడింది. ఆ ఇంట్లో అంత తెలుగు వినిపించి ఎన్నాళ్ళయిందో.

"ఎందుకెల్లిపోతన్నావు నాయినా?" అంది దేముడమ్మ.

"నూనె గొడవమ్మా. వాల్వులకి కొబ్బరినూనె అంటింది. నా తలదే అన్నారు."

"ఓలమ్మ! నూనె అంటితే పనిలోంచి తీసేత్తారేటి? మా సరోజిని నా సీసా పట్టుకెల్లి ఆ ఇత్తడి కాయలన్నీ తుడిసేసొచ్చింది. పెద్దాఫీసరు ఎంత మెచ్చుకున్నాడో! దాన్నేటీ అనలేదే."

నూకయ్య చేతిలో ముద్ద ఆగింది. తలెత్తి సరోజిని వైపు చూశాడు. ఆమె గోడలోకి ఇంకిపోగలిగితే ఇంకిపోయేది. అతను ఇంకో ముద్ద తినలేదు. కంచంలో చేయి కడుక్కుని, దేముడమ్మకు దండం పెట్టి, వాకిట్లోకి వచ్చాడు. సరోజిని వెనకాలే వెళ్ళింది.

"నా సేతుల్ని నానే తిట్టుకుంటన్నాను ఇన్నాళ్ళూ," అన్నాడు మెల్లగా. 'అప్పా' అనలేదు. "నీకు తెలుసు."

"రేపు చెప్తాను. సార్‌కి చెప్తాను."

"షిప్పు ఎల్లుండి."

"చెప్తానన్నాను కదా!" అంది, కోపం తనదైనట్టు.

సోమవారం పొద్దున ఆఫీసు గది ముందు నిలబడింది. లోపల రాజేంద్రతో బాటు శిక్షణ చూడ్డానికి వచ్చిన అధికారిణి ఉంది. సరోజినిని చూడగానే అతని మొహం వికసించింది.

"మేడమ్, నేను చెప్పిన అమ్మాయి ఈమే. డింగీ వాళ్ళ కూతురు. మొన్నటిదాకా చీరలమ్మింది. ఇప్పుడు ఈమె అతుకు వేస్తే వేలు పెట్టడానికి ఉండదు. రా సరోజినీ, చూపించు."

చూపించింది. మంట వెలిగించి, రాగి ఎర్రబడేదాకా ఆగి, కడ్డీ ఆనించింది. వెండి ఉంగరంలా పాకింది. ఇంతకు ముందెన్నడూ అంత చక్కని అతుకు ఆమె వేయలేదు. మేడమ్ చప్పట్లు కొట్టింది, పక్కన నిలబెట్టుకుని ఫోటో తీయించుకుంది. అన్నం తిన్నాక చెబుదామనుకుంది. టీ అయ్యాక చెబుదామనుకుంది. రాజేంద్ర మేడమ్‌తో జీపెక్కి వెళ్ళిపోయాడు. ఆమెకు కలిగింది బాధ కాదు, ఊరట. అది తనకే తెలిసింది.

మంగళవారం నూకయ్య పెట్టె కోసం వచ్చాడు.

"సెప్పినావా?"

"చెప్పాను," అంది సరోజిని. "సార్ చూస్తానన్నారు. ఫోన్ చేస్తానన్నారు నీకు."

ఆ అబద్ధం తన నోట అంత సాఫీగా ఎలా వచ్చిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. నూకయ్య మొహం తేటపడింది. "నిజమేనా అప్పా? ఆపేత్తారేమో అయితే!" అంటూ పెట్టె భుజానికెత్తుకున్నాడు. 'అప్పా' మళ్ళీ వచ్చింది. గుండుసూది గుచ్చుకున్నట్టు గుచ్చుకుంది.

ఆమె పనికి వెళ్ళింది. కిటికీ బిగించని మూడో అంతస్తు గదిలోంచి చూస్తే హార్బరు కనిపిస్తుంది. మధ్యాహ్నం దాటాక ఓడ కదిలింది. అది మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా పైపు చేత్తో పట్టుకుని అలాగే చూసింది. అప్పుడు మెట్లు దిగి, రాజేంద్ర గదిలోకి వెళ్ళి, తలుపు వేసి చెప్పింది. సీసా సంగతి, చీర ముక్క సంగతి, శనివారం సంగతి.

అతను మొదట అడిగింది ఒకటే.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"చెప్పకు. రెండో బ్యాచ్‌కి నిన్ననే మంజూరైంది. ఇది బయటికొస్తే లోకల్ వాళ్ళ పని అంటారు, మొత్తం ఆగిపోతుంది. టెస్టు ఇప్పుడు పాసైంది కదా."

"మరి నూకయ్య?"

"అతనికి మెయిన్‌లాండ్‌లో ఎక్కడైనా పని దొరుకుతుంది. మనకి ఇక్కడే దొరకాలి." కళ్ళు కలపకుండా, "నువ్వు మంచి పనిమంతురాలివి. వెళ్ళి పని చూసుకో," అన్నాడు.

శిక్ష పడుతుందని వెళ్ళిన మనిషి మెప్పు మోసుకుని బయటికొచ్చింది. గుమ్మం దాటుతుంటే గుండె తేలికపడింది. తర్వాతి రోజుల్లో ఆమెను అన్నిటికంటే ఎక్కువగా కాల్చింది ఆ తేలికే.

ఓడ వైజాగ్ చేరే రోజు చూసుకుని ఫోన్ చేసింది. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తాడు.

"సార్‌కి చెప్పాను నూకయ్యా," అంది. "నువ్వు వెళ్ళాక చెప్పాను. ముందు చెప్పలేదు. నీతో అబద్ధమాడాను."

అవతల జెట్టీ గోల, కూలీల కేకలు.

"షిప్పు ఎక్కేదాకా ఫోను సేతిలోనే అట్టుకున్నాను," అన్నాడు నూకయ్య. "సిగ్నలు పోయేదాకా సూసినాను. సార్ సేత్తాడని." ఆ తర్వాత, "ఉంటాను," అని పెట్టేశాడు. అదే ఆఖరు. ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు చేసినా ఆ నంబరు ఎత్తలేదు.

రెండో బ్యాచ్ వచ్చింది. మూడోదీ వచ్చింది. దీవుల పిల్లలు చాలామందే పైపులు, టైల్సు, వైరింగు నేర్చుకున్నారు. కొత్తవాళ్ళు రాగానే సుష్మ వాళ్ళకు తేల్ భయ్యా కథ చెప్పేది. మెయిన్‌లాండ్ నుంచి ఒకడొచ్చాడు, తలనిండా నూనె, ఆ చేతులతో ఆక్సిజన్ వాల్వులు ముట్టుకుని కొంపలు అంటించబోయాడు అని. అభినయించి మరీ చెప్పేది. పిల్లలు పడీపడీ నవ్వేవారు. ఆ కొత్తవాళ్ళకు అతుకు వేయడం నేర్పే సరోజిని ఆ పక్కనే పనిముట్లు సర్దుతూ వినేది. అలా రెండో బ్యాచ్ అంతా వింది.

మూడో బ్యాచ్‌కి చెబుతున్నప్పుడు లేచి నిలబడింది.

"ఆ నూనె నాది. ఇంటినుంచి సీసా తెచ్చి తుడిచింది నేను. ఆ పేరు పెట్టిందీ నేనే. అతని పేరు నూకయ్య."

ఎవరో కిసుక్కుమన్నారు. "దీదీ మజాక్ చేస్తున్నారు," అంది వెనకనుంచి ఒక పిల్ల.

"మజాక్ కాదు."

సుష్మ మొహం వాడిపోయింది. ఆ సాయంత్రం బస్సులో పక్కన కూర్చోలేదు. "నాచేత అందరిముందూ ఆ మాట అనిపించి, ఇన్నేళ్ళు ఊరుకున్నావు కదూ," అంది దిగేటప్పుడు. మర్నాడు విషయం రాజేంద్ర చెవిన పడింది. అతను పిలిపించి తిట్టలేదు. శిక్షణ పనిలోంచి మాత్రం సరోజిని పేరు తీసేశాడు.

ఆస్పత్రి ఇప్పుడు తెరిచారు. సరోజిని అక్కడే, రెండో అంతస్తులో, ఆక్సిజన్ పైపుల మరమ్మతు పని చేస్తోంది. ఉద్యోగం కాంట్రాక్టు మీద, పగటి షిఫ్టు. రోజూ బయల్దేరే ముందు వేళ్ళు వాసన చూసుకున్నప్పుడల్లా, ఆ రోజు కణత ముట్టుకుని తన వేళ్ళు వాసన చూసుకున్న నూకయ్యే గుర్తొస్తాడు.